నాన్నగారితో మెయిన్ తీరం వెంట ఐదు రోజులు

మొదటి రోజు

మా నాన్నగారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టులో అమెరికాలో మేముండే నాషువా వచ్చినప్పుడు నయాగరా చూపిస్తానంటే, "నీళ్ళు పడటం చూడ్డానికి అంత దూరమెందుకురా, పంపు దగ్గర రోజూ చూసేదేగా" అన్నారు. పోనీ చేపల రేవులు చూద్దామా అంటే మాత్రం గంటలో బ్యాగు సర్దేశారు. చెల్లి పురుడు దగ్గరుండి చూసుకోవాలని అమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది. అందుకని కారులో ముగ్గురమే: నేను, మా ఆవిడ, ముందు సీట్లో నాన్నగారు.

మా ఊరి నుంచి గంట ప్రయాణం. పిస్కాటక్వా నది మీద వంతెన దాటితే మెయిన్ రాష్ట్రం. "మెయిన్ అంటే ముఖ్యమైందనా?" అన్నారు బోర్డు చదివి. కాదు, అమెరికాకి ఈశాన్యపు కొస. ఒకే ఒక్క రాష్ట్రాన్ని ఆనుకొని ఉన్న రాష్ట్రం అమెరికా మొత్తంలో ఇదొక్కటే. ఆ ఒక్కటీ మేముండే న్యూ హాంప్‌షైర్. మిగతా చుట్టూ కెనడా, అట్లాంటిక్. 1820 దాకా ఇది మసాచుసెట్స్‌లో భాగం. విస్తీర్ణంలో తెలంగాణకి ఐదింట నాలుగు వంతులుంటుంది. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 13.6 లక్షలే.

"అంటే మన పాత పశ్చిమ గోదావరి జిల్లాలో మూడో వంతు," అని నాన్నగారు వెంటనే లెక్క కట్టారు.

ముందు పోతున్న కారు నంబర్ ప్లేటు మీద 'వెకేషన్‌ల్యాండ్' అని ఉంది. ఇక్కడి బళ్ళ మీద ఆ మాట 1936 నుంచీ ఉంది. అర్థం చెప్పాను. "సెలవుల దేశమా? మరి ఇక్కడోళ్ళు పనులు చెయ్యరా?" అన్నారు. ఈ ప్రశ్న ఐదు రోజులూ మా కారులోనే తిరిగింది.

దక్షిణం కొసన మాత్రం ఇసుక బీచ్‌లు, వాటి పక్కన హోటళ్ళు. బిడెఫర్డ్ దగ్గర ఎర్ర ఇటుకల పాత బట్టల మిల్లులు కనిపిస్తాయి. వాటిలో పని చెయ్యడానికి కెనడాలోని క్యూబెక్ నుంచి ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు వేలల్లో వచ్చారు. 1919లో బళ్ళలో పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం చేశారు. తాతలకు ఫ్రెంచి వచ్చు, మనవళ్ళకు ఇంటి పేర్లే మిగిలాయి. మా ఆవిడ ఇది విని, "మన పిల్లలకీ అంతేగా, చట్టం కూడా అక్కర్లేకుండానే" అంది. నేను రేడియో పెట్టాను.

పోర్ట్‌లాండ్ పక్కనే కేప్ ఎలిజబెత్‌లో లైట్‌హౌస్ చూశాం. 1791లో వెలిగించారు, అప్పటికి జార్జ్ వాషింగ్టన్ ప్రెసిడెంటు. ఫొటోలకి క్యూ కట్టిన జనాన్ని వదిలేసి నాన్నగారు రాళ్ళ అంచున నిలబడి అల కొలుస్తున్నారు. అక్కడికి దగ్గర్లోనే సౌత్ పోర్ట్‌లాండ్‌లో, ఒక రాతి కొమ్ము మీద వందేళ్ళ నాటి చేపలవాళ్ళ గుడిసెలు ఉండేవి. 2024 జనవరి 13న తుఫాను, పోటు ఒకేసారి వచ్చాయి. పోర్ట్‌లాండ్ రేవులో నీరు 14.57 అడుగులకు లేచింది. 1912లో కొలవడం మొదలుపెట్టాక అదే అన్నిటికన్నా ఎక్కువ. ఆ గుడిసెలు అందరూ చూస్తుండగానే సముద్రంలోకి పోయాయి. ఆ వీడియో ఫోన్లో చూపించాను. నాన్నగారు రెండుసార్లు చూసి, "దివిసీమ ఉప్పెన అప్పుడు వీడియోలు లేవు," అని ఫోన్ ఇచ్చేశారు.

రెండో రోజు

ఆదివారం. ఒకటో నంబరు రోడ్డు పట్టుకొని ఈశాన్యంగా బయల్దేరాం. ఈ దిక్కుని వీళ్ళు 'డౌన్‌ఈస్ట్' అంటారు. మ్యాప్‌లో పైకి పోతుంటే డౌన్ అనడమేంటని నాకు మొదట్నుంచీ తికమక. బోస్టన్ నుంచి తెరచాప ఓడలు గాలివాటున, గాలికి 'కిందికి', తూర్పుగా పోయేవి కాబట్టి ఆ పేరట.

బాత్ ఊళ్ళో కెన్నెబెక్ నది ఒడ్డున నౌకాదళం కోసం ఓడలు కట్టే యార్డు ఉంది. 1884లో పెట్టారు. క్రేన్లు ఊరి కంటే ఎత్తు. ఈ కెన్నెబెక్‌కి ఇంకో కథ కూడా ఉంది. ఫ్రిజ్‌లు రాకముందు చలికాలంలో ఈ నది గడ్డ కడితే ఐసుని రంపాలతో దిమ్మలుగా కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఓడలకెక్కించి అమ్మేవాళ్ళు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో మసాచుసెట్స్ చెరువుల ఐసు కలకత్తా దాకా పంపాడు. తర్వాత మద్రాసుకీ పంపాడు. మెరీనా మీద ఇప్పటికీ ఐస్‌హౌస్ అనే పిలుచుకునే భవనం ఆయన గోడౌనే. పొట్టులో ఐసు అనగానే నాన్నగారు తలూపారు. చిన్నప్పుడు ఆయన చేపల బుట్టకి కట్టిందీ అలాంటి ఐసే.

దారిలో ప్రతి చిన్న రేవులోనూ పడవలు కట్టేసి ఉన్నాయి. "అన్నీ ఉత్తగానే ఉన్నాయేంట్రా?" అని గొణుగుతున్నారు. వేసవి నెలల్లో శనివారం సాయంత్రం నాలుగు నుంచి సోమవారం తెల్లారే దాకా లాబ్‌స్టర్ (డెక్కలున్న, రొయ్యలాంటి పెద్ద సముద్రపు జీవి) ఉచ్చులు లాగకూడదు, ఇక్కడి చట్టం అది. ఆ సంగతి నాకూ రాక్‌లాండ్ చేరాకే తెలిసింది. చేపల రేవుల యాత్రకి ఆదివారం పెట్టుకున్న ఘనత నాది.

అందుకని ఇళ్ళు చూశాం. ఇక్కడి పాత పల్లెటూరి ఇళ్ళు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించినట్టుంటాయి. ముందు పెద్దిల్లు, దాని వెనక వంటిల్లు, తర్వాత కట్టెల కొట్టం, చివరికి పశువుల సావిడి. మంచు నడుం దాకా పడ్డ రోజున గొడ్డుకి మేత వెయ్యాలంటే బయట కాలు పెట్టకుండా పోవచ్చు. ఆగస్టు నెలలోనే ఇంటింటికీ గోడ ఎత్తున కట్టెలు పేర్చి ఉన్నాయి. ఉత్తరాన అడవిలో 2009 జనవరిలో సున్నాకి కింద 45 డిగ్రీలు దాటి నమోదైంది. మే నెలలో భీమవరం వైపు పైన నలభై ఐదు, జనవరిలో ఇక్కడ కింద నలభై ఐదు.

మూడో రోజు

ఈ ప్రయాణానికంతటికీ ఇదే అసలు రోజు.

తెల్లారకముందే రాక్‌లాండ్ నుంచి బయల్దేరి, బక్స్‌పోర్ట్ దగ్గర పెనాబ్‌స్కాట్ నది దాటి, డీర్ ఐల్ దీవి కొసన ఉన్న స్టోనింగ్టన్ చేరాం. దారంతా సముద్రం ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క, ఒక్కోసారి రెండు పక్కలా. గీత గీసి కొలిస్తే ఈ రాష్ట్ర తీరం 367 కిలోమీటర్లే. ప్రతి వంపూ, ప్రతి దీవి అంచూ లెక్కేస్తే 5,600 దాకా వస్తుంది. మనం బళ్ళో చదువుకున్న ఆంధ్ర తీరం 974. మంచుయుగంలో మైలు మందపు మంచు ఈ నేలని గోకి, అణిచి, కరిగి పోయాక లోయల్లోకి సముద్రం వచ్చేసింది. మిగిలిన గుట్టలే దీవులు, మూడు వేల పైచిలుకు. కొబ్బరాకు చివర్లా చీలికలు చీలికలుగా ఉంటుంది ఒడ్డు.

స్టోనింగ్టన్ అంటే పేరుకి తగ్గట్టు రాళ్ళ ఊరు. ఎదురుగా ఉన్న దీవి నుంచి గ్రానైట్ తీసేవాళ్ళు. కెన్నెడీ సమాధి దగ్గర ఇక్కడి రాయి కూడా వాడారు. "మన చీమకుర్తి," అన్నారు నాన్నగారు. ఇప్పుడు ఊరు బతికేది లాబ్‌స్టర్ మీద.

రేవులో పదకొండింటికి ఒక పడవ వచ్చి ఆగింది. అరవై ఏళ్ళాయన, నారింజ రంగు రబ్బరు ప్యాంటు. మా నాన్న కూడా రొయ్యల రైతే అని చెప్పగానే మొహం వికసించి, పెట్టె మూత తీశాడు. ముదురు ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన లాబ్‌స్టర్లు, డెక్కలకి రబ్బరు బ్యాండ్లు. నాన్నగారు ఒకదాన్ని వీపు మీద పట్టుకొని ఎత్తారు. "మన రాతి రొయ్యకి ఈ డెక్కలుండవురా. దీనికి డెక్కల్లోనే సగం బరువుంది."

పడవాయన జేబులోంచి ఒక ఇత్తడి కొలబద్ద తీశాడు. అరచేతిలో ఇమిడే అంత, రెండు అంచుల్లో రెండు కొక్కేలు. లాబ్‌స్టర్ కంటి గుంటకి ఒక కొస ఆనించి వీపు చిప్ప చివరి దాకా కొలవాలి. 3¼ అంగుళాల కంటే తక్కువుంటే నీళ్ళలోకి. 5 అంగుళాలు దాటినా నీళ్ళలోకే, అవి విత్తనానికి పనికొచ్చే పెద్దవి. పొట్ట కింద గుడ్లున్న ఆడది దొరికితే దాని తోక రెక్కలో 'వి' ఆకారంలో చిన్న గాటు పెట్టి వదిలేస్తారు. ఆ గాటు ఉన్నదాన్ని మళ్ళీ ఎప్పుడు, ఎవరు పట్టినా, గుడ్లు లేకపోయినా, వదిలెయ్యాల్సిందే.

నేను తెలుగులో చెబుతుంటే నాన్నగారు వేళ్ళు ముడుస్తున్నారు. "పిల్లని వదిలేస్తారు. తల్లిని వదిలేస్తారు. ముసలిదాన్నీ వదిలేస్తారు. ఇంక పట్టేదేంట్రా?"

అనువదించి చెప్పాను. ఆయన పడవ అంచు పట్టుకొని నవ్వాడు. "అందుకే ఇంకా పడుతున్నాం" అన్నాడు.

పౌను బరువు రావడానికి లాబ్‌స్టర్‌కి ఆరేడేళ్ళు పడుతుందట. మా చెరువులో వనామీ రొయ్య సీడ్ వేసిన నూరు రోజులకల్లా పట్టుబడి. మధ్యలో వైట్‌స్పాట్ తెగులు వస్తే ఆ నూరు రోజులూ గోవిందా. ఇద్దరూ ఒకరి లెక్క ఒకరు విని కాసేపు మాట్లాడలేదు. మనిషికి 800 ఉచ్చుల కంటే ఎక్కువ వెయ్యకూడదు. ప్రతివాడి ఉచ్చుల మీదా తేలే బోయాకి సొంత రంగులుంటాయి, అవే రంగులు పడవ మీద కూడా కనబడాలి. పక్కవాడి బోయా తాడు ముట్టుకుంటే ఊళ్ళో తలెత్తుకోలేడు.

2016లో రాష్ట్రం మొత్తం మీద సుమారు 6 కోట్ల కిలోలు పట్టారు. అది శిఖరం. అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది. ముందున్న సముద్రం, గల్ఫ్ ఆఫ్ మెయిన్, వేడెక్కుతోంది. 2004 నుంచి 2013 వరకు ప్రపంచ సముద్రాల్లో నూటికి తొంభై తొమ్మిది వంతుల కంటే ఇదే వేగంగా వేడెక్కిందని పోర్ట్‌లాండ్ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. దక్షిణం నుంచి వచ్చే గల్ఫ్ స్ట్రీమ్ పైకి జరిగింది, ఉత్తరం నుంచి దిగే లాబ్రడార్ చల్లనీరు పలచబడింది. విచిత్రమేమిటంటే మొదట్లో ఆ వెచ్చదనమే ఇక్కడి లాబ్‌స్టర్‌కి కలిసొచ్చింది. ఇక్కడికి దక్షిణాన, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్ వైపు లాబ్‌స్టర్ పంట అప్పటికే పోయింది. ఇప్పుడు చల్లదనం వెతుక్కుంటూ అది ఇక్కణ్ణుంచీ కదులుతోంది.

"చలికాలంలో మేము రొయ్యలు కూడా పట్టేవాళ్ళం" అన్నాడాయన. ఆ మాట మటుకు నాన్నగారికి అనువాదం లేకుండానే అర్థమైంది. చిన్న గులాబీ రంగు రొయ్యలు, చల్లనీళ్ళలో తప్ప బతకవు. 2012లో సముద్రం బాగా వేడెక్కింది, ఆ తర్వాత రొయ్య కుప్పకూలింది. 2014 నుంచి వేట మూసేశారు.

దాని కంటే పెద్ద దిగులు ఆయనకి ఒడ్డు గురించి. వేసవి ఇళ్ళ కోసం బయటివాళ్ళు రేవు పక్క స్థలాలు కొనేస్తున్నారు. అన్ని వేల కిలోమీటర్ల తీరంలో పడవ కట్టేసి సరుకు దించుకునే జాగా ఇరవై మైళ్ళే మిగిలిందని ఒక అంచనా. బయటివాళ్ళని వీళ్ళు 'ఫ్రమ్ అవే' అంటారు. ఇక్కడే పుట్టినా అమ్మానాన్నా బయటివాళ్ళయితే లాభం లేదు. పిల్లి పొయ్యిలో పిల్లల్ని పెట్టినంత మాత్రాన అవి బిస్కెట్లవుతాయా అని ఇక్కడో సామెత.

రేవు పక్క కొట్లో లాబ్‌స్టర్ తిన్నాం. ఉప్పునీళ్ళలో ఉడికించి, కరిగించిన వెన్న పక్కన పెట్టారు, అంతే. "ఇంత మంచి సరుకుని ఇంత చప్పగా వండారేంటమ్మాయ్," అన్నారు నాన్నగారు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి పొట్లం తీసింది. నేను చుట్టూ చూశాను. ఎవరూ పట్టించుకోలేదు. పక్కనున్న కొట్లో ఇత్తడి కొలబద్దలు అమ్ముతుంటే నాన్నగారు ఒకటి కొనుక్కున్నారు. మొత్తం ప్రయాణంలో ఆయన తన కోసం కొనుక్కున్నది అదొక్కటే.

నాలుగో రోజు

అకేడియా నేషనల్ పార్క్ గురించి మీకు ఎవరైనా చెబుతారు కాబట్టి నేను క్లుప్తంగా చెబుతాను. నిజంగానే బాగుంది. కాడిలాక్ కొండ 466 మీటర్లు. అమెరికా అట్లాంటిక్ తీరంలో అంతకంటే ఎత్తైనది లేదు. పైకి కారులో పోవాలంటే ముందే టికెట్ కావాలి. దేశంలో తొలి సూర్యోదయం ఇక్కడేనని చెబుతారు గానీ అది అక్టోబరు నుంచి మార్చి మొదటి వారం దాకానే నిజం. ఆగస్టులో ఆ ఘనత ఉత్తరాన మార్స్ హిల్‌ది. ఈ సంగతి చదివాక సూర్యోదయం టికెట్ దొరకలేదన్న బాధ సగం తగ్గింది. కింద బార్ హార్బర్ ఊళ్ళో కోటీశ్వరుల బంగళాలు వరసగా ఉండేవి, 1947 అడవి మంటల్లో చాలా వరకు కాలిపోయాయి. ఇప్పుడు ఐస్‌క్రీం కొట్లు, టీషర్టుల కొట్లు. క్రూజ్ ఓడల్లోంచి రోజుకి వెయ్యి మందికి మించి దిగకూడదని 2022లో ఊరివాళ్ళు ఓటేసి మరీ తీర్మానించుకున్నారు.

అక్కణ్ణుంచి రెండు గంటలు తూర్పుగా పోతే కార్లు తగ్గుతాయి, ఇళ్ళ రంగులు వెలుస్తాయి. లూబెక్ చేరేసరికి సాయంత్రమైంది. ఒకప్పుడు ఈ వైపు రేవుల నిండా సార్డీన్ చేపలు డబ్బాల్లో నింపే కార్ఖానాలు ఉండేవి. దేశంలో చివరిది, ఇదే తీరంలో ప్రాస్పెక్ట్ హార్బర్‌లో ఉన్నది, 2010లో మూతపడింది.

ఊరి చివర ఒక వంతెన, నడిస్తే ఐదు నిమిషాలు. అవతల కాంపోబెలో దీవి, కెనడా. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వేసవికి వచ్చే ఇల్లు అక్కడే ఉంది, 1921లో ఆయనకి పోలియో బయటపడిందీ అక్కడే. మాకు కెనడా వీసా లేదు. నాది హెచ్‌వన్‌బీ, నాన్నగారిది విజిటర్ వీసా. వంతెన ఇవతల నిలబడి అవతలి ఇళ్ళ కిటికీలు లెక్కపెట్టాం.

ఐదో రోజు

సూర్యోదయం చూద్దామని నాలుగూ ముప్పావుకి అలారం పెట్టాను. మోగింది. ముగ్గురం స్వెట్టర్లు తొడుక్కొని నీటి ఒడ్డుకి పోయి నిలబడ్డాం. చీకటి. అరగంటైంది. చీకటే. మా ఆవిడకి అనుమానం వచ్చి కారులో గడియారం చూసింది. నా ఫోన్ రాత్రి అవతలి ఒడ్డు సిగ్నల్ పట్టుకొని కెనడా టైముకి మారిపోయింది, అక్కడ గంట ముందుంటారు. అంటే మూడూ ముప్పావుకే లేచామన్నమాట. ఎలాగూ లేచాం కదా అని ఉండిపోయాం. తెల్లారే సమయానికి పొగమంచు కమ్మేసింది. సూర్యుడు కనబడలేదు. దూరంగా ఫాగ్‌హార్న్ దూడ తప్పిన ఆవులా అరుస్తోంది.

కానీ నాన్నగారికి కావాల్సింది దొరికింది. ఇక్కడ పోటుకీ పాటుకీ మధ్య తేడా ఆరు మీటర్ల దాకా ఉంటుంది. మేము వచ్చేసరికి రేవు కర్రల నడుం దాకా ఉన్న నీరు, కళ్ళ ముందే జారుకుంటూ పోయింది. కర్రల మీద నాచు, నత్తలు, ఇంకా కింద బురద బయటపడ్డాయి. మా చెరువులకి నీళ్ళు పెట్టేది కాలవలోకి పోటు వచ్చినప్పుడే, ఆయన జీవితమంతా ఆ టైము చూసుకొనే గడిచింది. "ఇంత పోటు మనకుంటే మోటారే అక్కర్లేదురా. తలుపు తీస్తే చెరువు నిండుద్ది," అన్నారు. కాసేపాగి, "గట్టు కూడా మిగలదులే" అన్నారు.

పొద్దెక్కాక వెస్ట్ క్వాడీ హెడ్ లైట్‌హౌస్ దగ్గరికి పోయాం, ఎర్ర తెల్ల చారల బుడ్డది. అలాస్కా, దీవులు పక్కన పెడితే అమెరికా నేలకి తూర్పు చివర అదే. ఈ నేల అసలు వారసులు వాబనాకీలు. ఆ పేరుకి తొలి వెలుగు నేల మనుషులని అర్థం. వాళ్ళలో పాసమక్వాడీల ఊళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. భూములు పోయినందుకు వాళ్ళూ పెనాబ్‌స్కాట్ తెగవాళ్ళూ కోర్టుకెక్కి, మలిసీట్‌లతో కలిసి 1980లో 8.15 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకున్నారు. అయినా హక్కుల పేచీ తెగలేదు.

తిరుగుదారిలో చెర్రీఫీల్డ్ వైపు బ్లూబెర్రీ మైదానాలు. ఇవి ఎవరూ నాటినవి కావు. మంచు వదిలేసిన గులక నేలలో చీలమండల ఎత్తున వాటంతటవే పాకే మొక్కలు. రైతు చేసేదల్లా రెండేళ్ళకోసారి కాల్చడమో కోయడమో. ఒక ఏడు మొక్క, మరుసటి ఏడు కాయ. పొలంలో తాళ్ళు కట్టి వరసలు విడదీశారు. మనుషులు వంగి, పళ్ళున్న రేకు పెట్టెలతో దువ్వుతున్నారు. "చాటకి దువ్వెన పళ్ళు పెట్టినట్టుంది," అంది మా ఆవిడ. కోసేవాళ్ళలో స్పానిష్ మాట్లాడే వలస కూలీలు, కెనడా నుంచి కుటుంబాలతో వచ్చే మిక్‌మా తెగవాళ్ళు ఉంటారు. ఏటేటా యంత్రాలు పెరుగుతున్నాయి. నంబర్ ప్లేటు ప్రశ్నకి జవాబు ఆ వరసల్లో నడుములు వంచుకొని ఉంది. నాన్నగారు కూడా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రోడ్డు పక్క బల్ల మీద కాయల పెట్టెలున్నాయి, పక్కన డబ్బులెయ్యడానికి ఒక డబ్బా, మనిషి లేడు. నాన్నగారు రెండు పెట్టెలు తీసుకొని, డబ్బాలో వేసిన నోటు సరిగ్గా పడిందో లేదో వంగి చూశారు. కాయలు శనగగింజంత, నేరేడు పండు వగరులో కొంచెం.

బాంగోర్‌లో భోజనానికి ఆగినప్పుడు సూపర్‌మార్కెట్‌లోకి దూరాం. ఫ్రీజర్ దగ్గర నాన్నగారు ఎంతకీ కదలడం లేదు. చేతిలో గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్. వెనక 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా'. ముందు 31/40 అని రొయ్యల లెక్క. "ఇది పౌనుకి కదరా? అంటే కిలోకి డెబ్బై, ఎనభై కౌంటు," అన్నారు. భారత్ సరుకు మీద అమెరికా వేసిన పాతిక శాతం సుంకం ఆగస్టు 7నే మొదలైంది, ఇంకో పాతిక 27 నుంచి. ఊళ్ళో కొనేవాళ్ళు అప్పటికే రేటు దించేశారని మూడు రోజులుగా ఫోన్లు. ప్యాకెట్ మీద ధర రూపాయల్లోకి మార్చి చెప్పమన్నారు. చెప్పాను. ఇంకేం అనకుండా ప్యాకెట్ బుట్టలో వేశారు.

అక్కణ్ణుంచి నాలుగు గంటలు, సగం పైగా అడవే. ఈ రాష్ట్రంలో నూటికి తొంభై వంతుల నేల చెట్లదే. దుప్పులు జాగ్రత్త అని అడుగడుగునా బోర్డులు, ఒక్కటీ కనబడలేదు.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. మా ఆవిడ రొయ్యలు నీళ్ళలో వేసి ఉల్లిపాయలు తరుగుతోంది. నాన్నగారు సింకు దగ్గరికి పోయి ఒక రొయ్య తీసి, జేబులోంచి ఇత్తడి కొలబద్ద తీసి ఆనించారు. రొయ్య రెండు కొక్కేల మధ్యలోంచి జారి కింద పడింది.

"చిన్నదమ్మాయ్. వదిలెయ్యాలి."

"కూర దించాక వదిలేద్దాం మావయ్యగారూ. ముందు ఆ పసుపు డబ్బా ఇటివ్వండి," అంది మా ఆవిడ.